అతికించిన చేతిరాత

బోర్డుల బాబాయికి ఒళ్ళంతా పొగరే అనేవాళ్ళు ఒకప్పుడు. అందులో అబద్ధమేమీ లేదు. బజారు ఈ చివర మందుల షాపు నుంచి ఆ చివర సైకిళ్ళ షాపు దాకా బోర్డులన్నీ ఆయన చేతివే అయిన రోజుల్లో, అక్షరం కాస్త వంకరగా ఉందని ఎవరైనా అన్నారా, నిచ్చెన దిగి బ్రష్షు వాళ్ళ చేతికిచ్చి "నువ్వే దిద్దుకో" అని ఇంటికి వెళ్ళిపోయేవాడు. తరవాత ఫ్లెక్సీలొచ్చాయి. పొద్దున చెబితే సాయంత్రానికి మనిషెత్తు అక్షరాలు వచ్చి పడుతుంటే, నిచ్చెన ఎక్కే మనిషి కోసం ఎవరాగుతారు? బ్రష్షులు డబ్బాలోనే బిరుసెక్కిపోయాయి. బాబాయి మాత్రం మెత్తబడలేదు. చింత చచ్చినా పులుపు చావలేదంటారే, అదీ సంగతి. ఈ కథలో జరిగిన చెడంతా ఆ పులుపు వల్లే జరిగింది.

చేతులు ఖాళీగా ఉన్న ఆ రోజుల్లోనే జిరాక్సు షాపతను ఒక మధ్యాహ్నం, బేరాల్లేక, ఆయనకో ఆట చూపించాడు. ఒక్క కాగితాన్ని మూడు సార్లు మడిచి, విప్పి, నడుమ ఒక చీలిక పెట్టి, మళ్ళీ మడిస్తే ఎనిమిది పేజీల చిన్న పుస్తకమవుతుంది. పిన్నూ అక్కర్లేదు, దారమూ అక్కర్లేదు. బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో ఏమైనా రాస్తే బావుండును" అన్నాడు. అంతే. అలా పుట్టిందే 'మడత'.

టీ కొట్టు దగ్గర ఒక పాత బిస్కెట్ల డబ్బా పెట్టారు. రాయాలనిపించినవాళ్ళు రాసి అందులో వేయడమే, పేరు రాయకూడదు. బాబాయి అవన్నీ ఇంటికి తెచ్చుకుని, తన గుండ్రటి అక్షరాలతో ఒక పెద్ద కాగితం మీద తిరగరాసేవాడు. అసలు కాగితాల్ని చించి పారేసేవాడు. వీధిలో ఎవరి చేతిరాత ఎవరికి తెలుసో ఎవరు చెప్పగలరు? అందుకని 'మడత'లో బాబాయి రాత తప్ప ఇంకొకరి రాత కనపడకూడదని మొదటి రోజే అనుకున్నారు. ఎవరు వేశారో ఆయనకీ తెలియదు, తెలుసుకోడానికి ప్రయత్నించేవాడూ కాదు. ఆ కాగితాన్ని జిరాక్సతను కాపీలు తీస్తే, నెలకో ఆదివారం షట్టరు సగం దించుకుని పదిమందీ కూర్చుని మడతలు పెట్టేవాళ్ళు.

ఇలాంటి చిత్తుకాగితాన్ని ఎవరు చదువుతారని మొదట్లో బాబాయి భార్యే దెప్పింది. వీధంతా ఆవిణ్ణి పిన్ని అంటారు. అయితే మూడో 'మడత'లో ఎవరో రాశారు, పని నుంచి వచ్చేటప్పుడు వెనక సందులో చీకటికి భయమేస్తోందని, అడుగుల చప్పుడు వినిపిస్తే ఇంటిదాకా పరిగెత్తుతున్నానని. ఎవరు రాశారో తెలియదు కాబట్టి ఎవరి గొడవో మనకెందుకని వదిలెయ్యడానికి లేకపోయింది, అది తమ ఇంటి పిల్లే కావచ్చు. ఆ వారంలోనే సందులో మూడిళ్ళ వాళ్ళు గుమ్మాల బయట బల్బులు పెట్టారు. భార్య పోయాక కూర వండటం రాక ఎండు రొట్టెతో సరిపెట్టుకుంటున్నానని ఇంకొకాయన రాస్తే, డబ్బాలో నలుగురు నాలుగు రకాలుగా వండే పద్ధతి రాసి పడేశారు. ఏళ్ళ తరబడి గోడకి గోడ ఆనుకుని ఉన్నవాళ్ళు ఒకళ్ళ బాధ ఒకళ్ళు ఈ మడతల్లోనే విన్నారు. ఆ తరవాత పిన్ని దెప్పడం మానేసి జిగురు ఉడకబెట్టడం మొదలుపెట్టింది.

అసలు సంగతికొస్తాను. ఒకసారి డబ్బాలో ఒక చిన్న చీటీ వచ్చింది. 'మా బట్టల ఫ్యాక్టరీలో బాత్రూముకి తాళం. తాళంచెవి సూపర్‌వైజరు మెళ్ళో ఉంటుంది. అడిగితే ఇందాకే కదా వెళ్ళావు అంటాడు. మగవాళ్ళంతా వినేలా అంటాడు. అడగలేక ఊరుకున్నాం. మేం నీళ్ళు తాగడం మానేశాం.'

చదివితే ఎవరికైనా కడుపు రగులుతుంది. బాబాయికీ రగిలింది. కానీ ఆయన కళ్ళు ఇంకోదాని మీద కూడా పడ్డాయి. ఆ రాత! సున్నలు పూర్తిగా మూసుకోకుండా కొంచెం నోరు తెరుచుకుని ఉన్నాయి. కొమ్ములు తోకల్లా సాగాయి. లైను కుడికి పోయేకొద్దీ పైకి ఎక్కుతోంది. జీవితమంతా అక్షరాలు దిద్దినవాడు కదా, అలాంటి ప్రాణమున్న రాత చూసి ఎన్నాళ్ళయిందో. తిరగరాయబోయి రెండుసార్లు పెన్ను పక్కన పెట్టేశాడు. తన రాతలో అది చచ్చిపోతుందనిపించింది. ఆరో పేజీలో ఆ చీటీని చీటీలాగే అతికించేశాడు.

"ఇదేంటి, తిరగరాయట్లేదా?" అంది పిన్ని, జిగురు గిన్నె పట్టుకుని.

"ఇంత బాగా రాస్తే తిరగరాయడం పాపం."

"బావుందని ఎవరి ముక్కో కోసి మన మొహానికి అతికించుకుంటామా?"

"నీకు తెలియదులే" అన్నాడు. అన్నవాడు తరవాత ఆ మాటకి ఎంత ఏడ్చాడో పిన్నికే తెలుసు.

ఆ 'మడత' నలుగురి చేతుల్లోకీ వెళ్ళాక వచ్చిన శనివారం సాయంత్రం కాజాల అమ్మాయి వచ్చింది. ఫ్యాక్టరీలో చొక్కా బొత్తాలకి కాజాలు కుట్టే మిషను మీద పనిచేస్తుంది కాబట్టి వీధిలో అందరికీ కాజాల అమ్మాయే. పాతికేళ్ళుంటాయి, గలగలా మాట్లాడే పిల్ల. ఆ రోజు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. చేతిలో 'మడత' ఉంది.

"బాబాయ్, ఆరో పేజీ మీరు రాయలేదేం?"

బాబాయి మొహం వెలిగిపోయింది. "ఆ రాత చూశావా అమ్మా? ఆ కొమ్ములు చూడు, ఎలా..."

"చూశాను. నాదే."

పిన్ని ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. నీళ్ళిచ్చింది. ఆ పిల్ల గ్లాసు పట్టుకుని తాగకుండా, జరిగింది చెప్పింది.

'మడత' భోజనాల దగ్గర చేతులు మారిందట. మర్నాడు ఎవరూ చెప్పుకోకుండానే ఆడవాళ్ళందరూ సంచుల్లో ఉండే నీళ్ళ సీసాలు తీసి మిషన్ల మీద పెట్టారట. తాగారట. తాగి ఒకరి తరవాత ఒకరు వెళ్ళి బాత్రూము తలుపు ముందు నిలబడ్డారట. సూపర్‌వైజరుకి ఊపిరాడలేదు. ఎవరి సంచిలోంచో 'మడత' లాగాడు. అది మేనేజరు బల్ల మీదికి చేరింది. లోపలి మాట బయట పెట్టిందెవరో తేలాలి, తేలిన మనిషి ఆ రోజే గేటు దాటాలి అన్నాడు మేనేజరు. హాజరుకి వేలు పెట్టే మిషనే కాబట్టి అక్కడ ఎవరి చేతిరాతా దాఖలా లేదు. అందుకని సోమవారం పొద్దున్నే ఆడవాళ్ళందర్నీ ఒక్కొక్కర్నే గదిలోకి పిలిచి రెండు లైన్లు రాయిస్తారు.

"ఒక్కచోట తీసేస్తే ఇంకోచోట పెట్టుకోరు బాబాయ్. ఈ సూపర్‌వైజర్లంతా ఒకళ్ళకొకళ్ళు ఫోన్లు చేసుకుంటారు. నాకు కాజాలు తప్ప ఇంకో పని రాదు."

"రాత మార్చి రాసెయ్" అన్నాడు బాబాయి.

ఆ పిల్ల ఒక కాగితం తీసింది. నిన్నంతా మార్చి రాయడానికే ప్రయత్నించిందట. బాబాయి చూశాడు. మొదటి లైను ఎవరిదో అన్నట్టుంది. రెండో లైను చివరికొచ్చేసరికి సున్న నోరు తెరిచింది, కొమ్ము సాగింది. కావాలని కుంటుతూ నాలుగడుగులు వెయ్యొచ్చు, ఆ తరవాత కాలు దాని దారికి అది వస్తుంది. చెయ్యీ అంతే. పైగా ఆ మేనేజరు గబగబా చెప్తాడట, ఆలోచించుకునే వ్యవధి లేకుండా.

"నేనే రాశానని వెళ్ళి చెప్తాను."

"చెప్పండి" అంది పిన్ని. "ఆడవాళ్ళ బాత్రూముకి మీరెప్పుడు వెళ్ళారని అడుగుతాడు, అప్పుడేం చెప్తారు?"

ఆ పరిస్థితిలోనూ కాజాల అమ్మాయికి నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు ఏడుపైపోయింది. బాబాయి ఆ ఏడుపు వింటూ కూర్చున్నాడు. తనకి ముచ్చట, ఆ పిల్లకి ప్రాణసంకటం. ఆయనకి తన చేతుల్ని చూసుకుంటేనే రోతపుట్టింది.

మర్నాటి ఆదివారం మడతలు పెట్టే రోజు కాదు. అయినా జిరాక్సు షాపు షట్టరు సగం దించారు. కాజాల అమ్మాయే ఒప్పుకుంది, నా పేరు చెప్పేయండి బాబాయ్, ఇంకా దాచి లాభం లేదని. ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళు కాపీ మిషను చుట్టూ, కాగితాల కట్టల మీదా కూర్చున్నారు. బాబాయి నిలబడి తను చేసిన పని చెప్పాడు. సాకులు చెప్పలేదు. జీవితంలో మొదటిసారి తన అక్షరం గురించి తలదించుకుని మాట్లాడాడు.

"ఆ అమ్మాయి రాత మార్చలేం" అన్నాడు. "మీ రాతలు మార్చుకుంటారేమోనని అడుగుతున్నాను. అందరివీ ఒకేలా ఉంటే వాడు ఎవర్నని పట్టుకుంటాడు?"

"ఇందాకేగా చెయ్యి మారదన్నారు?" అంది కాలర్లు కుట్టే ఆవిడ.

"ఉన్నది దాచడం కష్టమమ్మా. లేనిది తగిలించుకోవడం అంత కష్టం కాదు. మనిషిని గుర్తుపట్టడానికి అన్నీ చూస్తామా? మూడే మూడు చాలు. సున్న మూయకండి. కొమ్ము సాగదీయండి. లైను పైకి ఎక్కించండి. మిగతాదంతా మీ రాతే రాయండి."

"అందర్నీ తీసేస్తే?"

"తీసెయ్యరని నేను చెప్పలేనమ్మా" అన్నాడు బాబాయి. కాలర్ల ఆవిడ లేచింది. "నాకిద్దరు పిల్లలు, మా ఆయనకి పనిలేదు. తప్పుగా అనుకోకు" అని కాజాల అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి, షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు వెళ్ళారు. ఎవరూ వాళ్ళని ఒక్క మాట అనలేదు. మిగిలినవాళ్ళు పాడైన కాపీల వెనక వైపు రాయడం మొదలుపెట్టారు.

ఇస్త్రీ అక్క మాత్రం మూల కూర్చుంది. ఫ్యాక్టరీలో ఇస్త్రీ బల్ల దగ్గర ఆవిడ జుట్టు నెరిసింది. బడి మొహం చూడలేదు. 'మడత' మొదలైనప్పటి నుంచీ మడతలు పెట్టడానికి మాత్రం తప్పకుండా వస్తుంది. ఆవిడ బొటనవేలితో ఒక్కసారి రాస్తే కాగితం అంచు కత్తిలా నిలబడుతుంది. తను మడిచింది ఎవరితోనన్నా చదివించుకుని వింటుంది.

"నాకు అక్షరం ముక్క రాదు. నేనేం పనికొస్తాను అన్నయ్యా" అంది.

"నీకు రాదని అక్కడ అందరికీ తెలుసుగా చెల్లెమ్మా. నీకేం భయం లేదు."

"భయం సంగతి నేనడిగానా? నాకూ చూపించు."

బాబాయి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ చీటీలో చివరి మాటలు పెద్దగా రాసి, ఆవిడ చెయ్యి పట్టుకుని దిద్దించాడు. ఇస్త్రీ పెట్టె మోసే చెయ్యి, పెన్నుని కూడా పెట్టెలాగే నొక్కేస్తోంది. కాగితం చిరిగింది. ఇంకోటి తీసింది. అందరూ రెండు పేజీలు నింపే వేళకి ఆవిడకి రెండు మాటలు వచ్చాయి. మూడో మాట మొదలుపెట్టబోతుంటే షట్టరు కింద నుంచి ఖాకీ ప్యాంటు కాళ్ళు కనపడ్డాయి. కాగితాలు చీరల కిందికి వెళ్ళాయి.

ఫ్యాక్టరీ వాచ్‌మన్. తల లోపలికి పెట్టి, ఎవర్నీ చూడనట్టే, "బాబాయిగారూ, రేపు పొద్దున మేనేజరుగారు మిమ్మల్ని రమ్మన్నారు. రాతలు పోల్చాలట" అని చెప్పి వెళ్ళిపోయాడు.

సోమవారం మేనేజరు గదిలో బాబాయిని కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా బల్ల మీద 'మడత' ఆరో పేజీ తెరిచి ఉంది. వెనక సూపర్‌వైజరు, మెళ్ళో తాళంచెవి.

"ఇది తయారుచేసేది నువ్వేగా? ఎవరు రాశారో చెప్పెయ్, పని తొందరగా అయిపోతుంది" అన్నాడు మేనేజరు.

"డబ్బాలో వేస్తారు సార్. పేర్లుండవు. నాకు తెలియదు."

శనివారం దాకా అది నిజమే.

"సరే. అయితే పోల్చి చెప్పు. నీకన్నా బాగా ఎవరు పోలుస్తారు? కొత్త షెడ్డు కడుతున్నాం. లోపలా బయటా బోర్డులన్నీ నీ చేతే రాయిస్తాను. ఫ్లెక్సీలొద్దు, రంగులతోనే."

ఎన్నేళ్ళగానో బాబాయి వినాలనుకున్న మాట అది. వినపడినప్పుడు ఒళ్ళు జలదరించింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నాడు.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. మేనేజరు గోడ మీది నిబంధనలు చూసి గబగబా చదివాడు. 'పనివేళల్లో ఎవరూ తమ స్థానం వదిలి వెళ్ళకూడదు. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు.' వాళ్ళు రాశారు. కాగితాలు బాబాయి ముందుకొచ్చాయి. సున్నలు నోళ్ళు తెరిచాయి. కొమ్ములు సాగాయి. లైన్లు పైకెక్కాయి. ఒకరివి మరీ ఎక్కువగా ఎక్కితే ఆయనకి చెమట పట్టింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తన మొహంలో ఏం కనపడుతోందోనని ఆయన తలెత్తలేదు.

"ఇదేంటి, అందరిదీ ఒకేలా ఉంది?" అన్నాడు మేనేజరు.

"ఒకే బడిలో చదువుకుని ఉంటారు సార్."

అప్పుడు కాజాల అమ్మాయి వచ్చింది. బాబాయి వైపు చూడలేదు. పెన్ను పట్టుకుంది. రాసి వెళ్ళిపోయింది. బాబాయి కాగితం చూశాడు. భయానికి అక్షరాలన్నీ ముడుచుకుపోయాయి. సున్నలు బిగుసుకుపోయాయి, కొమ్ములు కురచబడ్డాయి, లైను కిందికి జారింది. మూడేళ్ళ పిల్ల మాట్లాడ్డం మర్చిపోయినట్టు, ఆ రాత తనెవరో మర్చిపోయింది.

సూపర్‌వైజరు ఆ కాగితం పైకి తీశాడు.

"సార్, ఇదీ, ఆ కాలర్ల ఆవిడదీ, ఇంకో రెండూ మాత్రం వేరేగా ఉన్నాయి."

"అయితే ఆ నలుగురూ కాదన్నమాట. పక్కన పెట్టు" అన్నాడు మేనేజరు.

భయపడి వెళ్ళిపోయిన ముగ్గురూ, ఎవరి కోసమైతే అందరూ భయాన్ని మింగారో ఆ పిల్లా, నలుగురూ ఒకేసారి ఒడ్డున పడ్డారు. బాబాయికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ ఇంకా అయిపోలేదు. బల్ల మీద మిగిలిన కట్ట చూస్తూ మేనేజరు మొహం ఎర్రబడుతోంది. వాళ్ళలో ఎవరో ఒకర్ని తీసెయ్యాలనే నిశ్చయం ఆ మొహంలో కనపడుతోంది. ఎవరైతేనేం అన్నట్టుంది.

తలుపు తోసుకుని ఇస్త్రీ అక్క వచ్చింది.

"నిన్ను పిలవలేదే" అన్నాడు సూపర్‌వైజరు. "నీకు రాయడం రాదుగా."

"అందరూ రాయాలన్నారుగా." ఆవిడ పెన్ను తీసుకుంది. మేనేజరు చదవబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. బల్ల మీద వంగి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కొక్క గీతా నొక్కి నొక్కి రాసింది. కాగితం తిప్పి మేనేజరు ముందుకి తోసింది.

'మేం నీళ్ళు.'

సున్న తెరిచి ఉంది. కొమ్ము సాగి ఉంది. లైను పైకెక్కింది. బల్ల మీది ఆరో పేజీకి ఇంత దగ్గరగా ఉన్న రాత ఆ కట్టలో ఇంకొకటి లేదు.

"ఏంటిది?" అన్నాడు మేనేజరు.

"నాకు వచ్చింది అంతే సార్. మిగతాది మీరు చదివే ఉంటారు."

మేనేజరు ఆ కాగితం చూశాడు. ఇస్త్రీ అక్కని చూశాడు. కొంతసేపటికి ఆయన కళ్ళు సూపర్‌వైజరు మెడ మీదికి వెళ్ళి అక్కడ ఆగాయి. సూపర్‌వైజరు చెయ్యి దానంతటదే తాళంచెవి మీదికి వెళ్ళి దాన్ని మూసేసింది.

"నీకు తెలుసు కదా, ఎవరో" అన్నాడు మేనేజరు బాబాయితో, మెల్లగా.

"రాత చూసి చెప్పమన్నారు. చూశాను సార్. అందరిదీ."

కొత్త షెడ్డు బోర్డుల మాట మళ్ళీ రాలేదు. ఎవర్నీ తీసెయ్యలేదు. పంపాల్సిన సరుకు పేరుకుపోయి ఉంది, అంతమందిని పంపేస్తే కుట్టేదెవరు? ఎవరూ క్షమాపణా చెప్పలేదు. ఆ వారంలో ఒక రోజు పొద్దున బాత్రూము తలుపుకి తాళం లేదు, అంతే. ఉన్నప్పుడు ఎవరు పెట్టారో, లేనప్పుడు ఎవరు తీశారో ఫ్యాక్టరీలో ఎవరూ మాట్లాడలేదు.

తరవాతి 'మడత' రాయడానికి బాబాయి కూర్చున్నప్పుడు డబ్బాలోవన్నీ, ఒక్కటి కూడా వదలకుండా, తిరగరాశాడు. మొదటి పేజీ ఒక్కటే మిగిలింది. అప్పుడు ఇస్త్రీ అక్క వచ్చింది. ఫ్యాక్టరీ గదిలో రాసిన ఆ కాగితమే, మేనేజరు బుట్టలో పడేస్తే తీసుకొచ్చిందట, ఇస్త్రీ చేసి మరీ తెచ్చింది. నలిగిన గీత ఒక్కటి లేదు.

"ఇది మొదటి పేజీలో వెయ్యి అన్నయ్యా."

బాబాయి పెన్ను తీసుకుని తిరగరాయబోయాడు.

"తిరగరాయకు. అతికించు."

"నీ రాతని తెలిసిపోతుంది చెల్లెమ్మా."

"తెలియనీ" అంది ఇస్త్రీ అక్క. "నేను రాశానని తెలియాలి."

బాబాయి పిన్ని వైపు చూశాడు. పిన్ని జిగురు గిన్నె ఆయన ముందుకి జరిపింది.